మంగళగిరా, విశాఖా? తెనాలి నాన్నగారికి నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మాయికి నీట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, ఆలిండియా కౌన్సెలింగ్‌లో మంగళగిరి ఎయిమ్స్ వచ్చేలా ఉంది, రాష్ట్ర కౌన్సెలింగ్‌లో విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ (ఏఎంసీ) దాదాపు ఖాయం, మీరుండేది తెనాలి, రెండిట్లో ఏది మంచిదో చెప్పమన్నారు. అమెరికాలో ఉన్న మీ బావమరిది గారు ఎయిమ్స్ తప్ప ఇంకోటి వద్దంటున్నారు. చివర్లో "అమ్మాయి మాత్రం ఏదైనా పర్లేదు అంటోంది" అని ఓ మాట రాసి వదిలేశారు. నాకు అసలు ప్రశ్న అక్కడే కనిపించింది. దాని దగ్గరికి వస్తాను, ముందు మిగతావి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 1998లో ఎంసెట్ రాసి కోస్తాలోనే ఒక పాత ప్రభుత్వ కాలేజీలో చేరాను, తర్వాత జనరల్ మెడిసిన్‌లో ఎండీ. పదిహేనేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను, ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినర్‌గా వేరే కాలేజీలకు వెళ్తుంటాను. పిల్లలు థియరీ ఎంత బట్టీ పట్టినా, పేషెంట్ పొట్ట మీద చెయ్యి వేసే తీరులోనే తెలిసిపోతుంది అంతకుముందు ఎన్ని పొట్టలు పట్టి చూశారో. కొందరు లివర్ కోసం వెతుకుతూ పేషెంట్ మొహం వంక ఒక్కసారి కూడా చూడరు, ఆయన నొప్పికి పళ్ళు బిగబట్టినా వీళ్ళకు తెలీదు. ఇంకొందరు ముందు తమ చేతులు రుద్దుకుని వేడి చేసుకుని, "నొప్పి ఎక్కడుందో చెప్పు తాతా, అక్కడ చివర్లో ముట్టుకుంటా" అంటారు. వీళ్ళది చెయ్యి తిరిగింది. నేను కాలేజీని కొలిచేది ఆ ఒక్క కొలతతోనే, మీ అమ్మాయి చెయ్యి ఎక్కడ తిరుగుతుంది అని. పత్రికల్లో వచ్చే ర్యాంకింగుల జాబితాలు పెద్దగా పట్టించుకోను.

కొన్ని విషయాలు తొందరగా పక్కన పెట్టేద్దాం. ఫీజు గురించి ఆలోచించకండి, రెండు చోట్లా మీరు ఇంటర్‌కి కార్పొరేట్ కాలేజీలో కట్టినదాంట్లో చిన్న ముక్క అవుతుంది అంతే. డిగ్రీ గురించి కూడా ఆలోచించకండి. ఎయిమ్స్ తన డిగ్రీ తానే ఇస్తుంది, ఏఎంసీ పిల్లలకు విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తుంది, రెండూ దేశమంతా చెల్లుతాయి. మీ బావమరిది గారి అమెరికా భయం సంగతి: 2023లో మన నేషనల్ మెడికల్ కమిషన్‌కు ప్రపంచ వైద్య విద్య సమాఖ్య (డబ్ల్యూఎఫ్ఎంఈ) వాళ్ళ గుర్తింపు పదేళ్ళకు వచ్చింది. కాబట్టి ఇక్కడ చదివితే అమెరికాలో డాక్టర్ లైసెన్సుకు రాసే యూఎస్ఎంఎల్ఈ పరీక్ష రాయనివ్వరేమో అనే అనుమానం ఇప్పుడు ఏ కాలేజీ పిల్లలకూ అక్కర్లేదు. అయినా ఆయన ఉన్న ఊళ్ళోనే గుంటూరు, విశాఖ, కర్నూలు కాలేజీల్లో చదివిన డాక్టర్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టమనండి. పేరున్న రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు గారు చదివింది విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలోనే. అమెరికాలో పేరు తెచ్చుకుని, ఎన్టీ రామారావు గారు పిలిస్తే వచ్చి హైదరాబాదులో నిమ్స్ నడిపించారు.

ఇక ఎయిమ్స్ అనే పేరు. పేరుకి బరువుంది, కాదనను. మీ వీధిలో "ఎయిమ్స్‌లో సీటొచ్చింది" అంటే ఎవరికీ వివరించక్కర్లేదు, ఏఎంసీ అంటే మాత్రం అదేంటని అడుగుతారు. కానీ ఆ బరువంతా ఢిల్లీ ఎయిమ్స్ 1956 నుంచి మోసుకొచ్చింది. మంగళగిరిది ఇంకా లేత వయసు. 2018లో 50 మందితో మొదలుపెట్టారు, అప్పటికి సొంత భవనాలు సిద్ధం కాక మొదటి బ్యాచ్ క్లాసులు విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో జరిగాయి. పాత టీబీ శానిటోరియం స్థలంలో కొండ పక్కన క్యాంపస్ లేచింది, 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేశారు, అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి వచ్చి మొదటి స్నాతకోత్సవంలో పట్టాలిచ్చారు. ఇప్పుడు ఏటా 125 సీట్లు. మొదట బయటికొచ్చిన పిల్లలు ఇంకా పీజీల్లోనో, ఎక్కడో డ్యూటీ డాక్టర్లుగానో ఉండి ఉంటారు. అంటే పూర్వ విద్యార్థుల్ని చూసి ఈ కాలేజీ ఎలాంటిదో చెప్పే వయసు దానికింకా రాలేదు. లోపమని అనడం లేదు, వయసు సంగతి చెబుతున్నాను అంతే.

మంగళగిరిలో బాగున్నవి నిజంగా బాగున్నాయి. 125 మంది బ్యాచ్ అంటే విశాఖ బ్యాచ్‌లో సగం. అనాటమీలో డిసెక్షన్ టేబుల్ దగ్గర ఎంతమంది నిలబడతారు, బెడ్‌సైడ్ క్లినిక్‌లో మంచం చుట్టూ ఎంతమంది ఉంటారు, సార్ పేరు పెట్టి పిలుస్తారా, రోల్ నంబరుతోనా అనేవన్నీ ఈ లెక్క మీదే ఉంటాయి. అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి, హాస్టల్ నుంచి వార్డుకి నడిచి వెళ్ళొచ్చు. పరికరాలు కొత్తవి. చదువుతూనే ఏదైనా రీసెర్చ్ చేయాలనిపిస్తే, దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ విద్యార్థులకిచ్చే చిన్న స్టూడెంట్‌షిప్ ఉంది కదా, అలాంటివాటికి గైడ్ దొరకడం కాస్త తేలిక. తోటివాళ్ళు పది రాష్ట్రాల నుంచి వస్తారు. ఓ తమాషా ఏంటంటే, పేషెంట్లందరూ గుంటూరు, కృష్ణా, పల్నాడు జనం, చాలామంది విద్యార్థులకు తెలుగు రాదు. కాబట్టి మీ అమ్మాయి మొదటి పోస్టింగ్ నుంచే అందరికీ దుబాసీ అయిపోతుంది. విసుగ్గా అనిపిస్తుంది కానీ, హిస్టరీ తీసుకోవడం, అంటే రోగం కథ పేషెంట్‌ని అడిగి రాబట్టడం, అంత బాగా నేర్చుకునే దారి ఇంకోటి లేదు, ప్రతి కేసూ రెండుసార్లు అడిగినట్టవుతుంది.

మరి తక్కువ ఏంటి అంటే, క్యాజువాల్టీ, అంటే అత్యవసర విభాగం తీరు. మీది తెనాలే కాబట్టి మీకే బాగా తెలుసు. రాత్రి పదకొండింటికి రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే ఆటోవాడు ఎక్కడికి తీసుకెళ్తాడు? గుంటూరు పెద్దాసుపత్రికి. పొలంలో పాము కరిస్తే? అక్కడికే. పురుగుమందు తాగితే? అక్కడికే. ఆ జనానికి అలవాటైన గుమ్మం అది. మంగళగిరికి వచ్చేది ఎక్కువగా ముందే అనుకుని వచ్చే జనం, తెల్లారేసరికి ఓపీ చీటీ కోసం వరసలో నిలబడేవాళ్ళు, ఎక్కడా నయం కాని రోగం పట్టుకుని వచ్చేవాళ్ళు. అవీ నేర్చుకోవాల్సిన కేసులే. కానీ ఎంబీబీఎస్ చదివే పిల్లకు ముందు కావాల్సింది మామూలు రోగాలు, అదీ పదులకొద్దీ. అరుదైన సిండ్రోమ్ ఒకటి చూసి, నిమోనియా నలుగురిలో మాత్రమే విన్న డాక్టర్ ఊళ్ళో దేనికీ పనికిరాదు. ఇంకోటి, ఎయిమ్స్‌లో నర్సింగ్ సిబ్బంది, రెసిడెంట్లు (ఆసుపత్రిలోనే ఉండి పనిచేసే జూనియర్ డాక్టర్లు) ఓ పద్ధతి ప్రకారం ఉంటారు, రక్తం తీయడం, సెలైన్ ఎక్కించే క్యానులా పెట్టడం లాంటివి చాలావరకు వాళ్ళే చేసేస్తారు. పేషెంట్‌కి అది మంచిదే. నేర్చుకునేవాళ్ళు మాత్రం ఆ అవకాశాన్ని అడిగి తెచ్చుకోవాలి.

విశాఖ సంగతి ఇందుకు పూర్తిగా తిరగేసి చూడాలి. 1923లో మొదలైన కాలేజీ, 1940 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ అనే పేరుతో ఉంది. 250 సీట్లు. కింగ్ జార్జ్ ఆసుపత్రి, మనందరి కేజీహెచ్, శ్రీకాకుళం నుంచి ఇటు అనకాపల్లి దాకా, పైన పాడేరు ఏజెన్సీ, అవతల ఒడిశా సరిహద్దు ఊళ్ళు, వీటన్నిటికీ ఆఖరి గుమ్మం. ఉద్దానం పేరు మీరు పేపర్లో చదివే ఉంటారు, కవిటి, సోంపేట వైపు కొబ్బరితోటల ఊళ్ళలో ఏ సుగరూ బీపీ లేకుండానే కిడ్నీలు పాడైపోయే జబ్బు. పుస్తకంలో అది ఒక పేరా. కేజీహెచ్ వార్డులో ఆ పేరా మంచం మీద కూర్చుని ఉంటుంది, పక్కన పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, చేతిలో ప్లాస్టిక్ సంచిలో ఐదేళ్ళ రిపోర్టులు. ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బున్న పిల్లలు వస్తారు, వానాకాలంలో మెదడుకెక్కిన మలేరియాలు వస్తాయి, కువి అనే గిరిజన భాష తప్ప ఇంకోటి రాని తల్లులు వస్తారు. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు వందల మంది జనాన్ని తెచ్చింది కేజీహెచ్‌కే. ఆ రోజు అక్కడున్న హౌస్ సర్జన్లకు (ఎంబీబీఎస్ చివర ఏడాది ఇంటర్న్‌షిప్ చేసేవాళ్ళకు) ఏ సిలబస్‌లోనూ లేని పాఠం అది, అదీ కోవిడ్ లాక్‌డౌన్ మధ్యలో.

ఇది విని మరీ పొంగిపోకండి. పాతరోజుల్లో ఉన్నంత ఏకఛత్రం ఇప్పుడు కేజీహెచ్‌కు లేదు. శ్రీకాకుళంలో ఎప్పట్నుంచో కాలేజీ ఉంది, విజయనగరంలో 2023లో, పాడేరులో 2024లో కొత్త ప్రభుత్వ కాలేజీలు వచ్చాయి, కొన్ని కేసులు అక్కడే ఆగుతున్నాయి. ఆరోగ్యశ్రీ వచ్చాక ముందుగా ప్లాన్ చేసుకునే ఆపరేషన్లు చాలా ప్రైవేటుకు వెళ్ళిపోయాయి, ఇది రాష్ట్రంలో ప్రతి పెద్దాసుపత్రి బాధ. అయినా మిగిలిన జనమే చేతికి నిండా సరిపోతారు.

250 మంది బ్యాచ్ అంటే ఏంటో కూడా నిజం చెప్పాలి, ఎందుకంటే పాత కాలేజీల్లో చదివిన మేం దీన్ని కాస్త దాచిపెట్టి, మా రోజుల్లో అంటూ గొప్పలు పోతాం. మంచం చుట్టూ పాతికమంది ఆప్రాన్లు వేసుకుని నిలబడతారు. ముందు వరసలో ఉన్న ఆరుగురికి పేషెంట్ కనిపిస్తాడు, మిగతావాళ్ళకు ముందువాళ్ళ వీపులు కనిపిస్తాయి. నేను మూడేళ్ళు వీపులే చూశాను, పొట్టిదాన్ని. సార్ ఊపిరితిత్తుల్లోని చిటపట శబ్దాల గురించి "క్రెపిటేషన్స్ విన్నారా" అని అడిగితే అందరితో పాటు విన్నామని తల ఊపేదాన్ని. అక్కడ ఎవరూ మన చెయ్యి పట్టుకుని ముందుకు లాగరు, తోసుకుని వెళ్ళాలి, లేదంటే సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక్కదానివే వార్డుకి వచ్చి ఆ పేషెంట్ దగ్గర కూర్చోవాలి. వెళ్ళినవాళ్ళకు అదొక గని. వెళ్ళనివాళ్ళు ఐదున్నరేళ్ళూ ఏమీ ముట్టుకోకుండా పాసైపోవచ్చు, అదీ అక్కడ జరుగుతుంది. పైగా విభాగాలన్నీ ఒక్కచోట ఉండవు. మానసిక వైద్యశాల, కంటి ఆసుపత్రి వాల్తేరు వైపు, పురుళ్ళ ఘోషాసుపత్రి పాత ఊళ్ళో. ఆటోలు, బస్సులు, ఉక్కపోత, కేజీహెచ్ డౌన్ అనే ఏటవాలు రోడ్డు ఎక్కడం దిగడం. హాస్టళ్ళు ప్రభుత్వ హాస్టళ్ళలాగే ఉంటాయి, ఎయిమ్స్ గదిని చూసొచ్చి ఇది చూస్తే మీ ఆవిడ గారు ఏడుస్తారు. ముందే చెబుతున్నా.

హౌస్ సర్జన్ ఏడాది గురించి ఇంకో మాట. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్ అంటే సగం డాక్టర్, సగం కూలీ. శాంపిల్స్ పట్టుకుని ల్యాబ్‌కి పరిగెత్తాలి, బ్లడ్ బ్యాంకులో బతిమాలాలి, ఒక్కోసారి స్ట్రెచర్ కూడా తొయ్యాలి. అదే ఏడాదిలో పీజీ ఎంట్రన్స్‌కి కూర్చుని చదవాలి. అర్ధరాత్రి దాకా లేబర్ రూమ్‌లో నిలబడి వచ్చిన పిల్ల మర్నాడు ఫోన్లో వీడియో లెక్చర్ పెట్టుకుని నిద్రపోతుంది. ఎయిమ్స్ పిల్లలకు చదువుకునే టైమ్ కాస్త ఎక్కువ మిగులుతుంది, ఈ విషయంలో మంగళగిరికే నా ఓటు. ఇవ్వాళ పీజీ సీటు అంతా ఎంట్రన్స్ మార్కుల మీదే కదా. పీజీ స్టేట్ కోటా రూల్స్ చూసి మాత్రం ఇప్పుడు కాలేజీ ఎంచుకోకండి. 2025 జనవరిలోనే సుప్రీంకోర్టు పీజీలో నివాసం ఆధారంగా రిజర్వేషన్ చెల్లదంది, ఈ స్థానికత గొడవలు ఏదో ఒక కోర్టులో నడుస్తూనే ఉంటాయి. మీ అమ్మాయి పీజీ రాసేనాటికి ఇంకెన్ని మారతాయో.

ఇప్పుడు మీరు రాయని సంగతికి వస్తాను. తెనాలి నుంచి మంగళగిరి పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ. విశాఖకు జన్మభూమి రైలెక్కితే ఆరేడు గంటలు. మీ ప్రశ్నలో ఎయిమ్స్ ఫ్యాకల్టీ, పేరు, పరికరాలు అన్నీ రాశారు, ఈ దూరం గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆడపిల్ల తండ్రి దూరం గురించి రాయలేదంటే అదే మనసులో తిరుగుతోందని అర్థం. తప్పేం లేదు. మా నాన్న కూడా అంతే.

నాకు అప్పట్లో దూరంగా ఇంకో మంచి కాలేజీలో సీటు వచ్చేది. నాన్న మాత్రం "దగ్గరైతే వారం వారం చూసుకోవచ్చమ్మా" అన్నారు. నేను "ఏదైనా పర్లేదు" అన్నాను. అచ్చంగా మీ అమ్మాయి మాటే. ఆ మాటకు అర్థం "మీకు ఏది ఇష్టమో నాకు తెలుసు, నేను కాదంటే మీరు బాధపడతారు" అని. ఇంటికి బస్సులో రెండు గంటలు. శనివారం మధ్యాహ్నం క్లాసు అయిపోగానే బ్యాగు సర్దుకుని బస్టాండుకి, సోమవారం పొద్దున అమ్మ ఇచ్చిన క్యారియర్‌తో వెనక్కి. నాలుగున్నరేళ్ళు అలాగే గడిచింది, హాయిగానే గడిచింది. నా రూమ్మేట్‌ది అనంతపురం జిల్లా. దసరాకీ సంక్రాంతికీ తప్ప ఇంటికి వెళ్ళే వీలు లేదు. శనివారం రాత్రి హాస్టల్ ఖాళీ అయిపోతే తోచక క్యాజువాల్టీకి వెళ్ళి కూర్చునేది. శనివారం రాత్రి పెద్దాసుపత్రి క్యాజువాల్టీ ఎలా ఉంటుందో తెలుసు కదా, తాగి కొట్టుకున్నవాళ్ళు, లారీ గుద్దినవాళ్ళు, ఇంట్లో గొడవపడి ఏదో మింగేసినవాళ్ళు. మొదట్లో దీన్ని ఎవరూ పట్టించుకోలేదట. తర్వాత ఓ పీజీ అన్నయ్య "ఊరికే నిలబడ్డావు కదా, ఈ దారం కత్తిరించు" అన్నాడట. థర్డ్ ఇయర్ అయ్యేసరికి అది కుట్లు వేసేది, ముక్కులోంచి పొట్టలోకి వెళ్ళే రైల్స్ ట్యూబ్ దింపేది, ఎవరు నిజంగా స్పృహ తప్పారో ఎవరు నటిస్తున్నారో గుమ్మంలోంచే చెప్పేసేది.

హౌస్ సర్జన్సీ మొదటివారం మా ఇద్దరికీ ఒకే రాత్రి డ్యూటీ పడింది. తల పగిలిన ఒకాయన్ని తీసుకొచ్చారు, రక్తం చెవి మీంచి కారుతోంది. నాకు సూది పట్టుకోవడం పుస్తకంలో తెలుసు. చెయ్యి వణికింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఉన్న సిస్టర్ ఒకావిడ నా చేతిలోంచి నీడిల్ హోల్డర్ తీసుకుని, "నువ్వు కాస్త పక్కకి జరుగమ్మా" అని మా రూమ్మేట్‌కి ఇచ్చింది. కోపంగా కూడా అనలేదు. ఆ "పక్కకి జరుగమ్మా" నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇద్దరివీ మార్కులు దాదాపు సమానం, ఇంకా చెప్పాలంటే నావే నాలుగెక్కువ. ఒకే కాలేజీ, ఒకే సార్లు. తేడా అల్లా నా శనివారాలు ఇంట్లో గడిచాయి, దాని శనివారాలు క్యాజువాల్టీలో గడిచాయి. తర్వాత నేనూ నేర్చుకున్నాననుకోండి, కానీ పీజీలో ఏడాదిపాటు జూనియర్ల ముందు సిగ్గుపడుతూ నేర్చుకున్నాను.

అందుకే మీరు మంగళగిరి ఎంచుకుంటే నా షరతు ఒకటే. పక్కనే ఉంది కదా అని ప్రతి ఆదివారం వెళ్ళి తెచ్చుకోకండి. నెలకొకసారి రానివ్వండి చాలు. మీ ఆవిడ గారు క్యారియర్ పంపకుండా ఉండలేరు, కావాలంటే క్యారియర్‌ని బస్సెక్కించండి, పిల్లని మాత్రం అక్కడే ఉండనివ్వండి. ఎయిమ్స్‌లో శనివారం రాత్రుల రద్దీ కేజీహెచ్ అంత ఉండకపోవచ్చు, కానీ ఎమర్జెన్సీ ఉంది, అక్కడున్న రెసిడెంట్లు ఖాళీగా నిలబడ్డ జూనియర్‌ని చూసి దారం కత్తిరించమనే రోజు వస్తుంది.

దూరం గురించి భయం ఇంకో రకంగా కూడా ఉంటుంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీకర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత ఆడపిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. దీనికి దగ్గర ఊరు, దూరపు ఊరు అని తేడా లేదు, మీరు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నా రాత్రి రెండింటికి వార్డులో ఉండరు. చూడాల్సినవి వేరే. నైట్ డ్యూటీలో ఆడపిల్లలు నడుం వాల్చే గది ఎక్కడుంది, లోపల గడియ ఉందా, బాత్రూమ్ అదే గదిలో ఉందా, కారిడార్ చివరిదాకా వెళ్ళాలా, హాస్టల్ నుంచి వార్డు దాకా దారిలో లైట్లు ఉన్నాయా, సెక్యూరిటీ వాళ్ళు కుర్చీలో నిద్రపోతున్నారా. ఇవన్నీ ప్రిన్సిపాల్ గారిని అడిగితే "అన్నీ ఉన్నాయి" అంటారు. హౌస్ సర్జన్ అమ్మాయిల్ని అడగండి, గడియ పనిచేస్తుందో లేదో కూడా చెప్తారు.

నన్ను ఖచ్చితంగా ఒకటి చెప్పమంటే విశాఖ అంటాను. మీ అమ్మాయి రేపు తెలుగు జనం మధ్య డాక్టర్‌గా బతకాలనుకుంటే, సర్జరీ, మెడిసిన్, గైనిక్, పిల్లల వైద్యం లాంటి దారుల్లోకి వెళ్ళాలనుకుంటే కేజీహెచ్ ఇచ్చే చేతివాటం ఇంకోచోట అంత తొందరగా రాదు. అయితే దానికి ఒక గుణం ఉండాలి, వెనక వరసలోంచి తోసుకుని ముందుకొచ్చే గుణం. మీరు అమ్మాయి స్వభావం గురించి ఎక్కడా రాయలేదు కాబట్టి నాకు తెలీదు. క్లాసులో డౌటు వస్తే చెయ్యెత్తే పిల్లా, ఇంటికొచ్చి మిమ్మల్ని అడిగే పిల్లా? హాస్టల్‌లో ఇంటర్ చదివినప్పుడు ఎలా ఉంది, వారానికోసారి ఏడుస్తూ ఫోన్ చేసేదా, మీరు ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతా" అని పెట్టేసేదా? నెమ్మదస్తురాలై, నలుగురిలో కలవడానికి టైమ్ పట్టే పిల్లయితే 250 మందిలో కనిపించకుండా పోవచ్చు. అలాంటి పిల్లకు 125 మంది బ్యాచ్, పేరు తెలిసిన మేడమ్, అడిగితే చెప్పే రెసిడెంట్ ఉండడం చాలా పెద్ద సంగతి. అప్పుడు నేను కూడా మంగళగిరే అంటాను, ఏ మొహమాటం లేకుండా. రీసెర్చ్ మీద, చదువు చెప్పడం మీద మనసున్నా అంతే. పెళ్ళిసంబంధాల్లో ఎయిమ్స్ అని చెప్పుకోవచ్చన్న కారణం ఒక్కటి మాత్రం దయచేసి లెక్కలోకి తీసుకోకండి (మీరు రాయలేదు, బావమరిది గారు అనే ఉంటారు).

కౌన్సెలింగ్ గురించి కొంచెం. ఎయిమ్స్ సీట్లు కేంద్రం నడిపే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) ఆలిండియా కౌన్సెలింగ్‌లో ఇస్తారు, రాష్ట్ర కోటా సీట్లు విజయవాడ యూనివర్సిటీ వాళ్ళు ఇస్తారు, రెండిటికీ విడివిడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఎంసీసీ మొదటి రౌండ్‌లో సీటు వచ్చి చేరకపోయినా నష్టం లేదు, రెండో రౌండ్‌లో వచ్చింది వదిలేస్తే డిపాజిట్ పోతుంది, ఆ తర్వాతి రౌండ్లలో చేరితే ఇక వెనక్కి రాలేరు. ఒకచోట చేరినవాళ్ళ పేర్లు ఇంకోచోటికి పంపి అక్కడ తీసేస్తారు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, రెండూ చేతిలో పెట్టుకుని ఆఖర్న చూద్దాం అనుకుంటారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఒక కాలేజీలో ఇరుక్కుపోతాయి, రెండోచోట రిపోర్టింగ్ టైమ్ దాటిపోతుంది. తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏడాది ఇచ్చిన బులెటిన్ మీరే కూర్చుని చదవండి, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడి మీద వదిలేయకండి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే ఇంట్లో ఏదో ఒకటి తేల్చేసుకోండి.

తేల్చుకునే ముందు రెండు చోట్లకూ వెళ్ళి రండి. ఆదివారం వెళ్ళకండి, భవనాలు తప్ప ఏమీ కనిపించదు. మామూలు వారం రోజు పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఓపీ దగ్గర ఉండండి. ఎంతమంది జనం వస్తున్నారో, విద్యార్థులు పేషెంట్లతో మాట్లాడుతున్నారో, ఊరికే గోడకానుకుని నిలబడ్డారో చూడండి. మధ్యాహ్నం క్యాజువాల్టీ బయట గంటసేపు కూర్చోండి, అంబులెన్సులు లెక్కపెట్టండి. సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో హౌస్ సర్జన్లు దొరుకుతారు, అలిసిపోయి ఉంటారు కాబట్టి నిజాలే చెప్తారు. నీ చేత్తో ఎన్ని పురుళ్ళు పోశావు, ఈ నెలలో ఎన్ని కుట్లు వేశావు, క్యానులా నువ్వు పెడతావా సిస్టర్ పెడుతుందా, బెడ్‌సైడ్ క్లినిక్‌కి సార్ వస్తారా పీజీని పంపిస్తారా, ఫైనల్ ఇయర్‌లో నువ్వు ఎన్ని కేసులు ప్రెజెంట్ చేశావు అని అడగాలి. "బాగుంటుందండీ" లాంటి జవాబు వస్తే లెక్క అడగాలి. లెక్క చెప్పలేకపోతే ఆ పని చేయలేదనే.

ఈ ప్రశ్నలు మీరు అడగకండి. మీరు పక్కన నిలబడితే వాళ్ళు మిమ్మల్ని అంకుల్ అని పిలిచి మర్యాదగా మాట్లాడతారు, అమ్మాయి మీ మొహం చూస్తూ నిలబడుతుంది. ప్రశ్నలు కాగితం మీద రాసి ఆమె చేతికిచ్చి, గేటు బయట టీ కొట్టు దగ్గర ఆగిపోండి. అమ్మాయిని ఒక్కదాన్నే లోపలికి పంపండి. ఆమె ఎంతసేపటికి బయటికొస్తుందో, వచ్చేటప్పుడు దేని గురించి మాట్లాడుకుంటూ వస్తుందో చూడండి. పది నిమిషాల్లో వచ్చేసి "ఇక్కడా బానే ఉంది నాన్నా" అంటే ఒక సంగతి. గంటన్నర గడిచినా రాకుండా, మీరు ఫోన్ చేస్తే "ఒక్క నిమిషం నాన్నా, అక్క వార్డు చూపిస్తోంది" అని పెట్టేస్తే ఇంకో సంగతి. అలా అయితే ఇంకో టీ చెప్పుకోండి.